వచ్చిన ప్రతి పిల్లాడూ లెక్కలోకి రావాలి: ఏబీఏలో కేస్ సిరీస్ ఎలా చేయాలి

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఆటిజం పిల్లలతో ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, ప్రవర్తనను కొలుస్తూ మార్చే పద్ధతి) చేసే చిన్న సెంటర్ ఏదైనా తీసుకోండి. నాలుగైదేళ్లు నడిచిందంటే బీరువా నిండా ఫైళ్లుంటాయి. బేస్‌లైన్ (చికిత్స మొదలుకాక ముందు లెక్క) షీట్లు, గ్రాఫులు, అమ్మానాన్నలు చెప్పిన వివరాలు, విశాఖలో డాక్టరు రాసిన చీటీలు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అంటారు: "ఇంత డేటా ఉంది కదా, ఒక పేపర్ రాయొచ్చుగా!" అప్పుడు చెయ్యి తనంతట తానే బాగా మారిన పిల్లల ఫైళ్ల మీదికి పోతుంది. ఇబ్బంది పెట్టే ప్రవర్తన తగ్గి చక్కగా కిందికి దిగిన గ్రాఫులు నాలుగు ఏరుకుని రాయడానికి కూర్చుంటాం.

ఆ ఏరడంలోనే పని చెడుతుంది. నాలుగు మంచి గ్రాఫులు చూపిస్తే "ఈ పద్ధతి పనిచేయగలదు" అని తెలుస్తుంది. గుణుపురం నుంచి రేపు బస్సెక్కి వచ్చే పిల్లాడికి పనిచేసే అవకాశం ఎంత అన్నది మాత్రం తెలియదు. తల్లిదండ్రులు అడిగేది ఆ రెండో ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికి పుట్టిన పద్ధతి కేస్ సిరీస్.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకుని ముందుకు పోదాం. వైద్య పత్రికల్లో కేస్ సిరీస్ అంటే ఒకే జబ్బున్న రోగుల వివరాలు వరుసగా చెప్పడం. మందు వల్లే తగ్గిందా, దానంతట అదే తగ్గిందా అని తేల్చే ఏర్పాటు అందులో ఉండదు. అందుకే సాక్ష్యాల వరుసలో దానిది కింది మెట్టు. ఏబీఏలో మనం చేసేది అది కాదు. ఇక్కడ ప్రతి పిల్లాడి మీదా విడిగా ఒక ప్రయోగం జరుగుతుంది: రివర్సలో (చికిత్స పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి చూడటం), మల్టిపుల్ బేస్‌లైనో (వేర్వేరు చోట్ల ఒకదాని తరువాత ఒకటిగా మొదలుపెట్టడం), మల్టీఎలిమెంటో (పరిస్థితులను త్వరత్వరగా మార్చి మార్చి పోల్చడం). అలాంటి ప్రయోగాలను, పిల్లలు వచ్చిన వరుసలోనే, ఫలితం ఎలా ఉన్నా వదలకుండా కలిపి చూడటాన్ని కన్సెక్యూటివ్ కంట్రోల్డ్ కేస్ సిరీస్ అంటారు. బాల్టిమోర్‌లోని కెనడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే లూయిస్ హాగోపియన్ 2020లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్‌లో దీని నియమాలన్నీ ఒకచోట పెట్టాడు. మీ పేపర్ చదివే రివ్యూయర్‌కు ఈ తేడా తెలియకపోవచ్చు. కాబట్టి మొదటి పేజీలోనే రాసెయ్యండి.

పెద్ద సిరీస్ ఏం చెప్పగలదో చూడాలంటే బ్రయన్ ఇవాటా బృందం 1994లో ప్రచురించిన పని చూడాలి. తమను తాము గాయపరచుకునే 152 మందికి పదకొండేళ్లలో చేసిన ఫంక్షనల్ అనాలిసిస్‌లను (ప్రవర్తన దేనికోసం జరుగుతోందో తేల్చే పరీక్షలను) కలిపి చూశారు. 38.1 శాతం మందిలో ఆ ప్రవర్తన పని తప్పించుకోవడానికి, 26.3 శాతంలో మనుషుల దృష్టి కోసమో వస్తువుల కోసమో, 25.7 శాతంలో ఎవరితోనూ సంబంధం లేకుండా దానంతట అదే సాగుతోందని తేలింది. ఒక్కో పిల్లాడి గ్రాఫు ఎంత బాగున్నా ఈ వాటాలు చెప్పలేదు. అందరినీ కలిపితేనే బయటపడ్డాయి.

ప్రశ్న ముందు, ఫైళ్లు తరువాత

బీరువా తెరవకముందే ప్రశ్న కాగితం మీద రాయండి. ఒకే వాక్యం చాలు. "పని తప్పించుకోవడానికి కొట్టుకునే 3 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్ ఎంతమందిలో ఆ ప్రవర్తనను 80 శాతం తగ్గిస్తుంది?" ఇలాంటిది. (ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్ అంటే కొట్టుకునే బదులు అడగడం నేర్పించడం.) వయసు, ప్రవర్తన, పద్ధతి, గెలుపు కొలత నాలుగూ అందులో ఉండాలి. "మా సెంటర్‌లో ఏబీఏ ఫలితాలు" అనేది ప్రశ్న కాదు, బోర్డు మీద రాసుకునే మాట.

80 శాతమా, 90 శాతమా అన్న గీత కూడా ఇప్పుడే గీయాలి. డేటా చూశాక గీస్తే అది మీకు నచ్చిన చోటే పడుతుంది. ఇందులో చెడ్డ ఉద్దేశం అక్కర్లేదు, మనిషి మనసు తీరే అంత.

తరువాత చేర్చుకునే నియమం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వచ్చినవాళ్లు, ఎలాంటి పిల్లలు వస్తారు, ఎవరు రారు. బయటపెట్టే కారణాలు పద్ధతి మొదలుకాక ముందే తెలిసేవై ఉండాలి. "మూర్ఛలు అదుపులో లేనివాళ్లను తీసుకోలేదు" సరైన కారణం. "సహకరించనివాళ్లను తీసుకోలేదు" అన్నది మాత్రం ఫలితాన్నే కారణంగా మార్చి దొడ్డిదారిన పంపడం. చదివేవాళ్లు దీన్ని వెంటనే పట్టుకుంటారు.

ఈ కాగితం మీద తేదీ వేసి, ఇద్దరు సంతకం పెట్టి, ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ప్రోటోకాల్‌తో జత చేయండి.

వీలుంటే పాత ఫైళ్లకన్నా ఇకముందు వచ్చే పిల్లలతో మొదలుపెట్టమనే నేనంటాను. పాత ఫైళ్లలో ఒకరికి ఐదు నిమిషాల సెషన్, మరొకరికి పదిహేను, ఒకరిని ఒక్కరే లెక్కపెట్టారు, ఇంకొకరి బేస్‌లైన్ కాగితమే లేదు. అయినా పాతవే చేయాల్సి వస్తే చేయండి, కానీ డేటా సరిగా లేక ఎంతమందిని వదిలేశారో అంకెతో చెప్పండి.

అనుమతి, సంతకం

2017లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు మన పనికీ వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అడుగు వేయొద్దు. సెంటర్‌కు సొంత కమిటీ ఉండదు కాబట్టి దగ్గర్లోని మెడికల్ కాలేజీలోనో యూనివర్సిటీలోనో ఒక అధ్యాపకుణ్ని కలుపుకుని ఆ సంస్థ కమిటీ ముందుకు వెళ్లడం సులువైన దారి. గుర్తులు తీసేసిన పాత రికార్డులు మాత్రమే చూసేటప్పుడు సమ్మతి పత్రం నుంచి మినహాయింపు అడగవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం, మనంతట మనం తీసుకునేది కాదు. కొత్తగా చేర్చే పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏడేళ్లు దాటి, అర్థం చేసుకోగల పిల్లాడైతే వాడి ఒప్పుకోలు కూడా కావాలి. మాటలు రాని పిల్లాడు గదిలోకి రానని గుమ్మం పట్టుకుంటే అదీ జవాబే. దాన్ని ఎలా గుర్తిస్తారో, అప్పుడు ఏం చేస్తారో ప్రోటోకాల్‌లో ఉండాలి.

మన జిల్లాల్లో సమ్మతి పత్రంతో ఒక తిరకాసు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. తెలుగు లిపిలో పత్రం చేతికిస్తే చదవలేనివాళ్లు చాలామంది. ఒడియాలో ఇస్తే అమ్మ చదువుతుంది, పక్కన కూర్చున్న అమ్మమ్మకు ఊరి తెలుగులో చెబితేనే ఎక్కుతుంది. అందుకని ఒడియా లిపిలో పత్రం, మాటల్లో తెలుగు వివరణ, రెండూ సిద్ధంగా పెట్టుకోండి. సవర, కువి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆ భాష వచ్చిన మనిషిని సాక్షిగా కూర్చోబెట్టాలి. వివరించిన మనిషి ఎవరో, ఏ భాషలో వివరించారో పత్రం కింద ఒక గీత రాసుకోండి.

గోప్యత గురించి కూడా ఇక్కడే. పేరు తీసేస్తే చాలదు. "పేపర్ మిల్లు కాలనీలో ఉండే తెలుగు కుటుంబం, కవలల్లో ఒకరికి ఆటిజం" అని రాస్తే రాయగడలో సగం మందికి ఇల్లు తెలిసిపోతుంది. ఊరు వద్దు, జిల్లా కూడా వద్దు, "దక్షిణ ఒడిశా" చాలు. వయసు ఏళ్లలో చెప్పండి, నెలలు వద్దు. తండ్రి ఉద్యోగం ఫలితానికి సంబంధం లేకపోతే రాయనే వద్దు. సెషన్ వీడియోలు థెరపిస్టుల సొంత ఫోన్లలో ఉండకూడదు. ఇది చెప్పడం తేలిక, ఆచరణలో సెంటర్‌కు ఒక విడి ఫోన్ కొనాల్సిందే.

కొలిచేది ఏమిటి

తండ్రి వచ్చి "తెగ పేచీ పెడతాడండి" అంటాడు. పేచీని లెక్కపెట్టలేం. "తల గోడకో నేలకో బల్లకో చప్పుడయ్యేలా తగిలితే ఒకటి, మళ్లీ తల వెనక్కి తీసి కొడితే రెండు, నిద్రలో దొర్లుతూ తగిలితే లెక్కలోకి రాదు." ఇలా రాస్తే సెంటర్‌కు కొత్తగా చేరిన అమ్మాయి కూడా మీలాగే లెక్కపెడుతుంది. సిరీస్‌లోని పిల్లలందరికీ ఒకే ప్రవర్తన ఉండనక్కర్లేదు. కొలిచే తీరు మాత్రం ఒకటే ఉండాలి: నిమిషానికి ఎన్నిసార్లు అంటే అందరికీ అదే.

ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టిన సెషన్లు ప్రతి పిల్లాడికీ, ప్రతి దశలోనూ ఉండాలి. మొత్తం సెషన్లలో మూడో వంతు ఉంటే మంచిది, ఐదో వంతుకు తగ్గితే అడుగుతారు. ఒకరు 18 అన్నారు, మరొకరు 20 అన్నారు అనుకుందాం. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 90 శాతం. బాగానే ఉంది. కానీ ఒకరు మొదటి ఐదు నిమిషాల్లోనే 18 వేసి, రెండోవారు చివరి ఐదు నిమిషాల్లో 20 వేసినా అదే 90 వస్తుంది! అందుకే సెషన్‌ను పది పది సెకన్ల ముక్కలు చేసి, ముక్కముక్కకీ పోల్చి సగటు తీయండి. 80 శాతానికి తగ్గితే నిర్వచనం మళ్లీ రాసుకోండి, లెక్కపెట్టినవాళ్లను కోప్పడొద్దు.

పద్ధతిని రాసినట్టే చేశామా అన్నదానికీ చెక్‌లిస్టు ఉండాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. చివర్లో ఒక పిల్లాడికి పద్ధతి పనిచేయలేదని తేలినప్పుడు, పద్ధతే ఓడిందా, లేక మనం దాన్ని సరిగ్గా చేయలేదా అని చెప్పగలిగేది ఈ ఒక్క కాగితమే.

ప్రతి పిల్లాడికీ ఒక ప్రయోగం

ముందు ఫంక్షనల్ అనాలిసిస్. దృష్టి, పని, వస్తువు, ఒంటరి, ఆట అనే పరిస్థితులను మార్చి మార్చి పెట్టి ఎక్కడ ప్రవర్తన పెరుగుతుందో చూడటం. తల కొట్టుకునే పిల్లాడైతే ముందు డాక్టరు చూడాలి, చెవిపోటు, పంటినొప్పి లేవని తేలాలి. సెషన్ ఆపేసే గీత కూడా ముందే గీసుకోవాలి: చర్మం కందితే ఆపాలా, ఇన్ని దెబ్బలకు ఆపాలా అన్నది.

ఆ తరువాత ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ 1985లో నలుగురు పిల్లలతో చూపించిన పద్ధతి. కొట్టుకుని సాధించుకునేదాన్ని అడిగి సాధించుకోవడం నేర్పిస్తారు. "ఇక చాలు" అనే కార్డు చేతికిచ్చి, అది చూపిస్తే పని ఆగేలా, కొట్టుకుంటే ఆగకుండా ఏర్పాటు చేస్తారు. ఇక్కడి పిల్లలకు మాట కన్నా బొమ్మ కార్డు నయమని నా అభిప్రాయం. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా. నోటితో నేర్పిన మాట ఒకచోట చెల్లి ఇంకోచోట చెల్లకపోతే పిల్లాడు పాత దారికే వస్తాడు. బొమ్మ రెండు చోట్లా ఒకటే. ఏది ఎంచుకున్నా సిరీస్‌లో అందరికీ ఒకే నియమం పెట్టి, తేడా పెట్టినచోట ఎందుకో రాయండి.

డిజైన్ విషయంలో ఇబ్బంది రివర్సల్‌తోనే. ప్రవర్తన తగ్గాక మళ్లీ బేస్‌లైన్‌కు వెళ్లాలంటే తల్లి ఒప్పుకోదు. "తగ్గిపోనాది కదా బాబూ, మళ్లీ ఎందుకు తెచ్చుకోవడం?" ఆవిడ అడిగింది న్యాయమే. రెండో బేస్‌లైన్ చిన్నదిగా ఉంటుందని, రెండు మూడు సెషన్లలో పెరుగుదల కనిపిస్తే చాలని, ఆ కాసేపటివల్ల ఏది పనిచేసిందో ఖాయంగా తెలుస్తుందని నిదానంగా చెప్పి చూడండి. అయినా వద్దంటే బలవంతం వద్దు. ఇల్లు, సెంటర్, బడి మూడుచోట్ల ఒకదాని తరువాత ఒకటి మొదలుపెట్టే మల్టిపుల్ బేస్‌లైన్ చేయండి. తీవ్రంగా గాయపరచుకునే పిల్లాడికి రివర్సల్ గురించి అసలు అడగకండి.

సిరీస్‌లో ఒకరికి రివర్సల్, ఇంకొకరికి మల్టిపుల్ బేస్‌లైన్ ఉండొచ్చు. ఎవరికీ కంట్రోల్ (చికిత్స వల్లే మారిందని తేల్చే ఏర్పాటు) లేకుండా ఉండకూడదు, అంతే. బేస్‌లైన్, తరువాత చికిత్స, అయిపోయింది అన్న గ్రాఫు ఈ సిరీస్‌లో చెల్లదు. అలాంటి పిల్లల్ని "ప్రయోగం పూర్తికాలేదు" వరుసలో విడిగా లెక్కపెట్టండి. ప్రతి దశలో కనీసం మూడు పాయింట్లు, వీలైతే ఐదు.

గ్రాఫు మీద గీతలు

పుస్తకాల్లో ఉండని భాగం ఇది. మన దగ్గర వరుసగా ఇరవై సెషన్లు ఏ కుటుంబం వస్తుంది? సంత రోజు బస్సులో చోటుండదు. దసరాకు విజయనగరం వైపు చుట్టాలింటికి పోతారు. జీడితోటల్లో పని మొదలైతే రెండు వారాలు మాయం. బరంపురంలో ఠాకురాణి జాతర ఏడాదైతే నెలరోజులు మర్చిపోవాల్సిందే. ఈ విరామాలను గ్రాఫులో కలిపేయొద్దు. అడ్డంగా ఉండే అక్షం మీద సెషన్ నంబరు బదులు తేదీ వేయండి. గ్యాప్ గ్యాప్‌గానే కనిపించనివ్వండి, పాయింట్లను గీతతో కలపకండి. విరామం తరువాత ప్రవర్తన పెరిగిందా లేదా అన్నది మీ సిరీస్‌కు మాత్రమే దొరికే సమాచారం.

ఇంకోటి, మందులు. పిల్లాడి డాక్టరు సరిహద్దు అవతల ఉంటాడు. వికలాంగుల సర్టిఫికెట్ ఒడిశాలో, న్యూరాలజిస్టు విశాఖలో, థెరపీ ఇక్కడ. మధ్యలో ఒక గురువారం తల్లి చీర కొంగులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి, "డాక్టరుగారు ఈ మందు కొత్తగా రాశారు, సోమవారం నుంచీ వేస్తున్నాం" అంటుంది. రిస్పెరిడోన్, చిరాకు, దూకుడు తగ్గించడానికి ఇచ్చే మందు. ఆ సోమవారం సరిగ్గా మీరు కార్డు నేర్పడం మొదలుపెట్టిన రోజు. ఇక ఆ గ్రాఫు దిగితే ఎవరి గొప్ప? అందుకే ప్రతి సెషన్ షీటు పైన మూడు గడులు పెట్టండి: మందు మారిందా, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఏదైనా జరిగిందా. తల్లిని ప్రతిసారీ అడగాలి, ఆవిడే చెబుతుందని కూర్చుంటే లాభం లేదు. మందు మారితే గ్రాఫు మీద చుక్కల గీత గీసి తేదీ వేయండి. వీలైతే తరువాతి దశ వాయిదా వేయండి. ఆ పిల్లాణ్ని సిరీస్‌లోంచి మాత్రం తీయొద్దు.

కలిపి లెక్క వేయడం

ముందు ప్రతి గ్రాఫునూ కళ్లతో చదవాలి. చికిత్స పెట్టగానే మారిందా, తీసేస్తే వెనక్కి వచ్చిందా, పాయింట్లు ఒకదాని మీద ఒకటి ఎంత పడుతున్నాయి. ఆ పిల్లాడికి చికిత్స చేయని ఇద్దరు దీన్ని విడివిడిగా చదివితే మంచిది. ఆ తరువాత అంకె. బేస్‌లైన్ చివరి ఐదు సెషన్ల సగటు నిమిషానికి 4, చికిత్స చివరి ఐదు సెషన్ల సగటు 0.6 అయితే తగ్గుదల 85 శాతం. ఏ ఐదు సెషన్లు తీసుకోవాలన్నది ముందే రాసుకున్న నియమంలో ఉండాలి, లేదంటే ఇక్కడ మళ్లీ ఏరడం మొదలవుతుంది.

ఇప్పుడు భాగహారంలో కింది అంకె. ఉదాహరణకు రెండేళ్లలో 23 మంది వచ్చారనుకోండి. 19 మంది నియమానికి సరిపోయారు. వాళ్లలో నలుగురు మధ్యలో మానేశారు, 15 మంది పూర్తి చేశారు, 12 మంది గీత దాటారు. పూర్తి చేసినవాళ్లలో 80 శాతం. మొదలుపెట్టినవాళ్లలో 63 శాతం. రెండూ రాయాలి. మొదటిది పద్ధతి గురించి చెబుతుంది, రెండోది మన జిల్లాలో ఆ పద్ధతికి ఏం జరుగుతుందో చెబుతుంది. నాకు రెండోదే ముఖ్యం. నలుగురూ ఎందుకు మానేశారో ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం రాయండి: ఖర్చు, దూరం, తండ్రి పని కోసం సూరత్ వెళ్లడం. "ఫాలోఅప్‌కు దొరకలేదు" అని అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

చిన్న సంఖ్యల మీద మోజు పెంచుకోకుండా అంతరం కూడా రాయాలి. 15లో 12 అంటే 80 శాతమే కానీ, 95 శాతం విశ్వాస అంతరం (అసలు వాటా ఉండగల హద్దులు) విల్సన్ అనే లెక్క పద్ధతిలో సుమారు 55 నుంచి 93 దాకా పోతుంది. పదిలో పది మందికీ పనిచేసినా సరే, నలుగురిలో ఒకరికి పనిచేయదేమో అన్న అనుమానాన్ని ఆ అంకె కొట్టిపారేయలేదు.

ఇక పనిచేయని ముగ్గురు. నిజానికి సిరీస్‌లో ఎక్కువసేపు కూర్చోవాల్సింది వాళ్ల ఫైళ్ల దగ్గరే. వాళ్లందరి ఫంక్షనల్ అనాలిసిస్ పక్కపక్కన పెట్టి చూడండి. ఏదైనా పోలిక ఉందా? హాగోపియన్ బృందం 2015లో ఇలా చూసే, దానంతట అదే సాగే స్వీయ గాయంలో ఉపరకాలున్నాయని చూపించింది. ఆట పరిస్థితిలో బాగా తగ్గి, ఒంటరిగా ఉంటే పెరిగే వాళ్లకు ఆసక్తికరమైన ఆటవస్తువులు, ప్రోత్సాహకాలతోనే ఫలితం బాగుంది. అన్ని పరిస్థితుల్లోనూ ఎక్కువగానే ఉన్నవాళ్లకు అది చాలలేదు. పనిచేయనివాళ్లను సిరీస్‌లోంచి తీసేసి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. మీ ముగ్గురితో అంత మాట అనలేరు, కానీ తరువాత వచ్చే సిరీస్‌కు అడగాల్సిన ప్రశ్న దొరుకుతుంది.

రాయడం, పంపడం

పద్ధతుల భాగంలో సెంటర్ గురించి నిజాయితీగా రాయండి: గదులెన్ని, థెరపిస్టుల చదువేమిటి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, వారానికి ఎన్ని సెషన్లు. కరెంటు పోతే ఫ్యాను లేని గదిలో సెషన్ జరిగిందంటే అదీ పరిస్థితిలో భాగమే. పిల్లలందరికీ ఒక పట్టిక: వయసు, ఇంటి భాష, ప్రవర్తన, కారణం, డిజైన్, తగ్గుదల శాతం, విరామాలు. దాని పైన ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఎక్కడ ఆగారు అన్న చిత్రం.

పత్రిక గ్రాఫులు నాలుగైదుకు మించి ఒప్పుకోదు. లోపల వేసే ఆ నాలుగింటిలో కనీసం ఒకటి పనిచేయని పిల్లాడిది పెట్టండి. మిగిలినవన్నీ అనుబంధ ఫైలుగా పంపండి, పిల్లలు చేరిన తేదీల వరుసలో, ఒకటి నుంచి చివరి నంబరు దాకా. ఫలితాన్ని బట్టి వరుస మార్చకండి. నంబరు మధ్యలో ఎక్కడైనా తెగితే ఆ పిల్లాడికి ఏమైందో ఆ పేజీలోనే రాయండి.